బోధకుని కుమారుడు ఆర్థర్ వార్టన్

ఎరిక్ లిడ్డెల్ గూర్చి మన సంఘాలలో తెలియనివారు అరుదు. ఆదివారము పరుగెత్తనని పట్టుబట్టి 1924 ప్యారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పందెమును వదులుకొని, 400 మీటర్లలో బంగారు పతకము గెలిచి, పిమ్మట చైనాకు మిషనెరీగా వెళ్ళి 1945లో జపానువారి నిర్బంధ శిబిరములో కన్నుమూసిన ఆ మహనీయుని కథను సండే స్కూలులోను, యువజన కూటములలోను ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. ఆయన ఆటను విడిచి సేవకు వెళ్ళినవాడు. ఈ సంచికకు ఏదైనా వ్రాయమని కమిటీవారు అడిగినప్పుడు, ఆయనకంటె ముందు తరములో సరిగ్గా ఎదురుదారిలో నడిచిన మరొకడు నాకు జ్ఞాపకము వచ్చాడు. సేవకు సిద్ధపడవలసిన కాలేజీలోనుండి ఆటస్థలములోనికి నడిచి, మరల వెనుకకు రానివాడు. ఆయన పేరు ఆర్థర్ వార్టన్. ఈ పేరు పుల్పిటు మీదనుండి నేను ఎన్నడు వినలేదు. ముప్పది ఏండ్లు హైస్కూలులో డ్రిల్లు మాస్టరుగా ఈలవేసి పిల్లలను పరుగెత్తించినవాడిని గనుక, ఇటువంటివాని కథ కూడా మన పుస్తకములో నాలుగు పేజీలు ఉండదగినదని నాకు తోచింది.

ఆర్థరు 1865 అక్టోబరు 28వ తేదీన ఆఫ్రికా పడమటి తీరమున, అప్పటికి గోల్డ్‌కోస్ట్ అని పిలువబడిన దేశములో, ఆక్రా పట్టణపు జేమ్స్‌టౌన్ పేటలో పుట్టాడు. 1957లో స్వాతంత్ర్యము పొంది ఘానా అని పేరు పెట్టుకున్న దేశము అదే. తండ్రి రెవరెండు హెన్రీ వార్టన్ వెస్లియన్ మెథడిస్టు మిషనెరీ. ఈయన తెల్లవాడు కాడు. వెస్టిండీస్ దీవులలోని గ్రెనడాలో స్కాట్లండు రక్తము, ఆఫ్రికా రక్తము కలిసిన కుటుంబములో జన్మించినవాడు. ఏ తీరమునుండి పూర్వికులను ఓడలలో బానిసలుగా తరలించుకొనిపోయారో, ఆ తీరమునకే సువార్త పట్టుకొని తిరిగివచ్చిన మనిషి. తల్లి ఆనీ ఫ్లారెన్స్ ఎగిరిబా. ఆమె తండ్రి స్కాట్లండు వర్తకుడు, తల్లివైపు ఫాంటే జాతి రాజవంశము. కాబట్టి బాలుని యందు మూడు ఖండముల సంబంధము ఉన్నది. ఒక ప్రక్క రాజకుటుంబము, మరియొక ప్రక్క పాదిరి ఇల్లు.

ఆ రోజులలో గోల్డ్‌కోస్ట్ మిషను అంటే మాటలు కాదు. 1835లో మొదటి వెస్లియన్ మిషనెరీ జోసెఫ్ డన్‌వెల్ అక్కడ దిగాడు, కొద్ది నెలలకే జ్వరముతో పోయాడు. ఆయన వెనుక వచ్చినవారిలో పలువురిది అదే గతి. 1838లో వచ్చిన థామస్ బర్చ్ ఫ్రీమన్ మాత్రము నిలిచాడు. ఆయన కూడా ఆఫ్రికా తండ్రికి, ఇంగ్లీషు తల్లికి పుట్టినవాడే. ఆయనతోపాటు పనిచేసినవారిలో హెన్రీ వార్టన్ ఒకడు. అశాంటి రాజధానియైన కుమాసీ వరకు వెళ్ళి పరిచర్య చేశాడు. ఆయన జీవితమును గూర్చి సాటి మిషనెరీ విలియం మాయిస్టర్ ఒక పుస్తకమే వ్రాశాడంటే, ఇంగ్లండులోని మెథడిస్టులలో ఆయనకు ఎంత మంచి పేరు ఉండినదో ఊహించవచ్చును. ఆయనను పంపిన వెస్లియన్ మిషనెరీ సొసైటీయే తరువాతి కాలములో మన హైదరాబాదు రాజ్యమునకు, సికిందరాబాదుకు, మెదకుకు కూడా మిషనెరీలను పంపినది. మెదకు కతీడ్రలు ఆ సంబంధములోనుండి వచ్చినదే. ఆ మాటకు వస్తే ఆర్థరు మనకు దూరపు చుట్టమే.

ఆర్థరు చిన్నవాడై ఉండగానే తండ్రి చనిపోయాడు. బాలుడు కొంతకాలము లండనులో చదివి, ఆఫ్రికాకు తిరిగివెళ్ళి, 1880ల తొలి సంవత్సరాలలో మరల ఇంగ్లండుకు వచ్చాడు. ఈసారి రావడములోని ఉద్దేశ్యము స్పష్టము. తండ్రివలె మిషనెరీ కావాలి, లేదా కనీసము ఉపాధ్యాయుడై దేశమునకు తిరిగిపోవాలి. మొదట స్టాఫర్డ్‌షైరులో కానక్ దగ్గర షోల్ హిల్ కాలేజీలో చేరాడు. 1884లో ఉత్తరాన డార్లింగ్టన్ పట్టణములోని క్లీవ్‌లాండ్ కాలేజీకి మారాడు. రెండును మెథడిస్టుల ఆధ్వర్యములోనివే.

అక్కడ పుస్తకములకంటె మైదానము ఆయనను ఎక్కువగా పట్టుకున్నది. డార్లింగ్టన్‌లో ఫీథమ్స్ అనే మైదానము ఉండేది. వేసవిలో క్రికెట్టు, చలికాలములో ఫుట్‌బాల్. పందెపు పరుగులకు కూడా ఆ రోజులలో ఆదరణ ఎక్కువ. ఈ యువకుడు అన్నిటిలోను దిగాడు. ఫుట్‌బాలులో గోలుకీపరుగా నిలబడ్డాడు, క్రికెట్టు ఆడాడు, సైకిలు త్రొక్కాడు. 1887లో ప్రెస్టన్‌నుండి బ్లాక్‌బర్న్ వరకు సైకిలు ప్రయాణములో రికార్డు కూడా ఆయన పేరనే ఉండినది. కాని ఆయనకు పుట్టుకతో వచ్చిన వరము పరుగే. నా అనుభవములో బడికి వచ్చే వెయ్యిమంది పిల్లలలో ఒకడికి ఉంటుంది అటువంటి కాలు. వాడికి మనము నేర్పేది ఏమీ ఉండదు, పాడుచేయకుండ ఉంటే చాలు.

1886 జులై 3వ తేదీ. లండనులోని స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానము. ఇప్పుడది చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్బు స్థలముగా లోకమంతటికి తెలుసు గాని, 1905వరకు అది పరుగుపందెముల మైదానమే. అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ వారి జాతీయ పోటీలు అక్కడ జరిగాయి. 100 గజాల పందెము, అనగా మన లెక్కలో 91 మీటర్లకు కొంచెము పైన. ఆర్థర్ వార్టన్ హీటులోను పది సెకండ్లు, ఫైనలులోను పది సెకండ్లు. ఆ జాతీయ పోటీలలో ఈ దూరమును పది సెకండ్లలో ముగించినవాడు అంతకుముందు లేడు. ఆ కాలమునకు అది ప్రపంచ రికార్డుతో సమానము. ప్రిన్స్ హసన్ కప్పు ఆయన చేతికి వచ్చింది. ఆ కప్పుతో తీయించుకున్న ఫోటో ఈనాటికి ఉన్నది. ఇంగ్లండు జాతీయ పరుగులలో నల్లజాతివాడు ఛాంపియను కావడము అదే మొదలు. 1887లో మరల అదే పందెము గెలిచి, మొదటిసారి అదృష్టముకొద్ది రాలేదని చూపించాడు.

ఇది జరిగిన కాలమును కూడా మనము గుర్తుంచుకోవాలి. ఆఫ్రికా ఖండమును యూరపు దేశములు బల్లమీద పటము పరచుకొని పంచుకున్న బెర్లిన్ సమావేశము ముగిసి అప్పటికి ఏడాదిన్నర కాలేదు. నల్లవాడు శరీరములోను బుద్ధిలోను తక్కువవాడని పుస్తకాలు వ్రాసి, విద్వాంసులమని పేరు పెట్టుకున్నవారు ఉన్న కాలము. అటువంటి దినములలో రాజధాని నగరములో, వేలమంది చూస్తుండగా, ఇంగ్లండులోకెల్ల వేగముగా పరుగెత్తగలవాడు ఆక్రాలో పుట్టినవాడని గడియారము చెప్పింది. పందెముల విషయములో నాకు ఇష్టమైనది ఇదే. గడియారమునకు రంగు కనబడదు. న్యాయనిర్ణేతలకు మాత్రము కనబడుతుంది. ఒక పోటీలో తనకు అన్యాయముగా రెండవ బహుమతి ఇచ్చారని ఆయనకు కోపము వచ్చి, ఇచ్చిన పాత్రను అక్కడికక్కడే నేలకు కొట్టి పగులగొట్టాడని చెబుతారు. మా పిల్లలెవరైనా అలా చేస్తే నేను దండించి ఉండేవాడిని. కాని ఎన్నిసార్లు నోరుమూసుకొని పుచ్చుకున్న తరువాత ఆ చెయ్యి లేచిందో మనము చూడలేదు గదా.

ఇక ఫుట్‌బాల్. ఇంగ్లండులో డబ్బు తీసుకొని ఫుట్‌బాల్ ఆడుట 1885 జులైవరకు నిషిద్ధము. చాటుగా అందరూ ఇచ్చేవారు, అందరూ పుచ్చుకొనేవారు. ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే లాంకషైరు క్లబ్బు పెద్ద మేజర్ విలియం సడెల్ మాత్రము, అవును మేము ఇస్తున్నాము అని బహిరంగముగా ఒప్పుకొన్నాడు. దానితో వచ్చిన తగవులోనుండే ప్రొఫెషనల్ ఆటకు అనుమతి పుట్టింది. ఆ ప్రెస్టన్ క్లబ్బువారు డార్లింగ్టన్ గోలుకీపరును చూచి 1886లో తమ జట్టులోనికి తీసుకున్నారు. ఇంగ్లండులో అప్పటికి అంతటి జట్టు లేదు. 1887 మార్చిలో ఆర్థరు గోలులో నిలబడగా ప్రెస్టన్ ఎఫ్.ఏ. కప్పు సెమీఫైనలుకు వచ్చి, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ చేతిలో 3–1 తేడాతో ఓడిపోయింది.

ఆ పైన ఆయన చేసిన నిర్ణయము నాకు ఎప్పుడు చదివినా మనస్సు చివుక్కుమంటుంది. 1888లో ప్రెస్టన్‌ను వదిలి, పూర్తి కాలము పరుగుకే ఇచ్చుకోవాలని తలచాడు. సరిగ్గా ఆ సంవత్సరమే పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు ప్రారంభమైనది. మొదటి సీజనులో ప్రెస్టన్ 22 ఆటలలో ఒక్కటి ఓడలేదు, 18 గెలిచి 4 సమము చేసింది. కప్పు పోటీలో తమ వలలో ఒక్క గోలు పడనియ్యలేదు. అజేయులు అని వారికి పేరు వచ్చింది. ఫుట్‌బాల్ చరిత్ర తెలిసిన ఏ ఇంగ్లీషువాడిని అడిగినా ఆ జట్టు పేరు చెబుతాడు. ఆర్థరు ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే, ఆ జాబితాలో ఆయన పేరు ఉండేదేమో. ఎవరి ఎదుట ఏ తలుపు తెరువబోతున్నదో తెలియకుండానే వెళ్ళిపోతాము.

ఆయన వెళ్ళినది షెఫీల్డుకు. ఉక్కు కార్ఖానాల ఊరు. డబ్బుకోసము పరుగెత్తేవారికి ఆ ఊరు రాజధాని. ఇక్కడ కొంచెము వివరము చెప్పాలి. అమెచ్యూరు పరుగులో కప్పులు, గడియారాలు బహుమతులు. నగదు ముట్టకూడదు. ముట్టినవాడు మరల అమెచ్యూరు పోటీలలో పాల్గొనరాదు. ప్రొఫెషనల్ పరుగు వేరొక లోకము. అక్కడ అందరూ ఒకే గీతనుండి బయలుదేరరు. ఎవడు ఎంత వేగమో ముందే అంచనా కట్టి, నెమ్మదివానికి కొన్ని గజాలు ముందు చోటు ఇస్తారు. వేగమైనవాడు అందరికంటె వెనుకనుండి బయలుదేరి అందరిని దాటాలి. దీనికే హ్యాండికాప్ అని పేరు. చుట్టూ వేలాదిమంది పందెములు కాస్తారు. గుర్రపు పందెములలో గుర్రమునకు బదులు మనిషి అనుకోండి. అందులో మోసము కూడా గుర్రపు పందెములకు తీసిపోనంత. తమ పరుగువాని అసలు వేగము బయటపడకుండ దాచి, చిన్న పోటీలలో కావాలని ఓడించి, ఎక్కువ గజాలు సంపాదించి, ఒక్క పెద్ద పందెములో వదిలే ట్రెయినర్లు ఉండేవారు. ఆర్థరుకు ఆ దారి లేదు. ఛాంపియను వేగము దేశమంతటికి తెలిసినదే. అయినను 1888 సెప్టెంబరులో షెఫీల్డు క్వీన్స్ గ్రౌండులో జరిగిన పెద్ద హ్యాండికాప్ ఆయన గెలిచాడు.

మెథడిస్టు ఇంటిలో పుట్టి, జూదము పాపమని చిన్ననాటినుండి విని, ఆ జూదము నడుమ పరుగెత్తుట ఆ మనస్సుకు ఎలా ఉండెనో. ఇక్కడ పెద్దలు కొందరు, చూచారా, పిలుపును కాదన్నందుకు అని తల ఊపుతారని నాకు తెలుసు. నేను అలా అనలేను. ఆయనకు పిలుపు నిజముగా వచ్చినదో, లేక బోధకుని కొడుకు బోధకుడే కావాలని పెద్దలు అనుకున్నారో, మనకు ఎవరు చెప్పారు? మన ఇండ్లలో కూడా పాస్టరు గారి అబ్బాయి ఏమి చదవాలో ఊరంతా నిర్ణయిస్తుంది. ఆ పిల్లవాడిని మాత్రము అడగరు.

1889లో రాదరమ్ టౌన్ క్లబ్బులో జీతమునకు గోలుకీపరుగా చేరాడు. ఆయనను ప్రపంచములో మొదటి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు అని ఈనాడు గౌరవించుట దీనినిబట్టియే. ఆయనకు ముందు నల్లజాతివారు ఆడలేదని కాదు. స్కాట్లండు జట్టుకు నాయకుడుగా 1881లో ఇంగ్లండునే 6–1 తేడాతో ఓడించిన ఆండ్రూ వాట్సన్ ఉన్నాడు. అయితే ఆయనది అమెచ్యూరు ఆట. ఆటను జీవనాధారము చేసికొన్నవాడు ఆర్థరు. 1890లో రాదరమ్‌లోనే ఎమ్మా లిస్టర్ అనే ఆమెను వివాహమాడాడు. రాదరమ్ టౌన్ రెండు సంవత్సరాలు వరుసగా మిడ్‌లాండ్ లీగు గెలిచి, 1893లో ఫుట్‌బాల్ లీగు రెండవ డివిజనులోనికి వచ్చింది. ఆ విధముగా లీగులో ఆడిన మొదటి నల్లజాతివాడు కూడా ఆయనే అయ్యాడు.

ఆయన గోలు కాచే తీరు చూడడానికే జనము వచ్చేవారట. ఆ రోజుల గోలుకీపరు పని ఈ రోజులవలె కాదు. జట్టువారందరి చొక్కాయే ఆయనది కూడా, వేరే రంగు 1909వరకు లేదు. 1912వరకు తన సగములో ఎక్కడనైనా బంతిని చేతితో ముట్టవచ్చును. మరి ఎదుటివారు కూడా భుజముతో గుద్ది కీపరును బంతితో సహా గోలులోనికి తోయవచ్చును. దెబ్బలు తినకుండ నిలుచుటయే ఒక విద్య. ఆర్థరు గోలుస్తంభము ప్రక్కన గొంతుకూర్చొని, ఏమీ పట్టనివానివలె ఉండి, బంతి రాగానే ఆ వంద గజాల వేగముతో దూసుకువచ్చి ఎదుటివాని కాళ్ళ దగ్గరనుండి ఊడబెరికేవాడు. పిడికిలితో గుద్దితే బంతి చాలా దూరము పోయేదట. చాలా ఏండ్ల తరువాత, 1942లో, షెఫీల్డు పత్రికకు ఒక వృద్ధుడు ఉత్తరము వ్రాస్తూ తాను చూచినది ఇలా చెప్పాడు: షెఫీల్డు వెన్స్‌డే జట్టుతో ఆట జరుగుతుండగా వార్టన్ ఎగిరి గోలు అడ్డుకర్రను రెండు చేతులతో పట్టుకొని వ్రేలాడి, వచ్చే బంతిని రెండు కాళ్ళ మధ్య ఇరికించి పట్టాడు. మీదికి ఉరికివచ్చిన ముగ్గురు ఫార్వర్డులు ఆగలేక వెళ్ళి వలలో పడ్డారు. ఏబది ఏండ్లు ఆటలు చూచిన ఆ మనిషికి అటువంటిది మరల కంటబడలేదట. నా మట్టుకు నేను ఈ సంగతిని పూర్తిగా నమ్ముతున్నాను. ఇటువంటివి కల్పించడము కష్టము.

1894లో షెఫీల్డు యునైటెడ్ అనే పెద్ద క్లబ్బు ఆయనను పిలిచింది. కాని అదే సంవత్సరము ఆ క్లబ్బు విలియం ఫౌల్కే అనే ఇరవై ఏండ్ల కుర్రవానిని కూడా తెచ్చుకున్నది. ఆరడుగుల నాలుగంగుళాల ఆ భారీ మనిషి తరువాత ఇంగ్లండు జట్టుకే గోలుకీపరు అయ్యాడు. ఆర్థరుకు అప్పటికి ఇరవై తొమ్మిది. ఆయన ఎక్కువగా బెంచీకే పరిమితమయ్యాడు. అయినను 1895 ఫిబ్రవరిలో సండర్లండు జట్టుతో ఆడే అవకాశము వచ్చింది. ఆ సంవత్సరపు ఛాంపియన్లు వారే. ఆ ఒక్క ఆటతో మొదటి డివిజనులో ఆడిన మొదటి నల్లజాతివాడుగా కూడా ఆయన పేరు నిలిచింది. ఇంగ్లండు దేశపు జట్టులోనికి మాత్రము ఆయనను ఎన్నడు తీసుకోలేదు. నల్లజాతివాడు ఇంగ్లండు పెద్ద జట్టు చొక్కా తొడుగుకొనుటకు 1978 నవంబరు వరకు, వివ్ ఆండర్సన్ వరకు ఆగవలసి వచ్చింది.

ఆట ముగుస్తున్నకొద్ది ఆయనకు ఇల్లు గడుచుట కష్టమైంది. ఆ కాలములో పేరున్న ఆటగాళ్ళు సారా విక్రయించే పబ్బు ఒకటి నడుపుకొనుట మామూలు. ఆటగాడి పేరు చూచి జనము వస్తారు, క్లబ్బులు కూడా అటువంటి ఆశ చూపి ఆటగాళ్ళను పిలుచుకొనేవి. ఆర్థరు కూడా రాదరమ్‌లో పబ్బులు నడిపాడు. మెథడిస్టులు మద్యమును ఎంతగా వ్యతిరేకిస్తారో ఇక్కడ చెప్పనక్కరలేదు. అమ్మడమే కాదు, త్రాగడము కూడా అలవాటయ్యింది. అది ఆయనను దిగలాగినదని ఆయన చరిత్ర వ్రాసినవారు దాచలేదు, నేనును దాచను. ఆయన గృహజీవితము కూడా నిర్దోషమైనది కాదు. బ్రతుకులో ఆయన చేసిన తప్పులు ఆయనవే. వాటికి రంగును, లోకమును మాత్రమే కారణము చేయలేము.

1895లో స్టాలీబ్రిడ్జి రోవర్స్, 1897లో ఆష్టన్ నార్త్ ఎండ్. ఆష్టన్‌లో ఒక పొగాకు దుకాణము కూడా పెట్టుకున్నాడు. 1899లో ఆ క్లబ్బు దివాలా తీసింది. మరల స్టాలీబ్రిడ్జికి. చివరకు 1901–02లో రెండవ డివిజను జట్టయిన స్టాక్‌పోర్ట్ కౌంటీకి ఆడాడు. కొన్ని ఆటలలో కీపరుగా కాక వింగు మీద కూడా పరుగెత్తాడు. వేసవులలో యార్క్‌షైరు, లాంకషైరు ఊళ్ళ క్రికెట్టు క్లబ్బులకు జీతము మీద ఆడేవాడు. 1901లో ఫుట్‌బాల్ ఆటగాని జీతము వారమునకు 4 పౌనులు మించరాదని నియమము పెట్టారు. ఆట ముగిసిన తరువాత పింఛను లేదు, వైద్యము లేదు. ముప్పది ఆరేండ్ల వయస్సులో, ఇరవై ఏండ్లుగా కాళ్ళను చేతులను అమ్ముకొని బ్రతికిన మనిషి, ఏ వృత్తి చేతిలో లేకుండ వీధిలో నిలబడ్డాడు.

అటు తరువాత బొగ్గు గనులే దిక్కయినాయి. డాన్‌కాస్టరు దగ్గర ఎడ్లింగ్టన్ అనే ఊరిలో యార్క్‌షైర్ మెయిన్ అనే గనిలో బొగ్గుతొట్లు లాగించే కూలీగా చేరాడు. మన సింగరేణి ప్రాంతపు సంఘాలవారికి ఆ పని ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. భూమి క్రింద, చీకటిలో, దుమ్ములో, షిఫ్టు వెంట షిఫ్టు. పగటి వెలుగులో, వేలమంది కన్నుల ఎదుట ఇంగ్లండులోకెల్ల వేగముగా పరుగెత్తినవాడు అక్కడ పట్టాల వెంట తొట్ల ప్రక్కన నడిచాడు. 1926లో మే నెలనుండి నవంబరువరకు ఇంగ్లండులో గనులన్ని మూతపడి, కార్మికుల ఇండ్లలో ఆకలి తాండవించిన కాలములో ఆయన వయస్సు అరువది దాటింది.

1930 డిసెంబరు 13వ తేదీన, అరువది అయిదవ ఏట, ఆర్థర్ వార్టన్ చనిపోయాడు. పుట్టకురుపు వ్యాధి, పేదరికము రెండును కలిసి తీసుకుపోయాయి. ఎడ్లింగ్టన్ శ్మశానములో బీదవారి వరుసలో పాతిపెట్టారు. రాయి లేదు, పేరు లేదు. మట్టి కూడ్చి పైన గడ్డి పెరగనిచ్చారు. తండ్రి మిషనెరీ అనిగాని, తల్లి రాజవంశస్థురాలు అనిగాని, ఈయన ప్రపంచ రికార్డు పరుగువాడు అనిగాని చెప్పే గుర్తు ఆ మట్టిమీద లేదు. గోల్డ్‌కోస్ట్‌కు ఆయన మరల వెళ్ళి కాపురముండలేదు.

అరువది ఏడు సంవత్సరాలు ఆ సమాధి అలాగే ఉన్నది. ఆర్థరు ఆట ముగిసిన పిమ్మట మన మెథడిస్టు సంబంధములోనే మరియొక నల్లజాతి ఆటగాడు వచ్చాడు. వాల్టర్ టల్. లండను మెథడిస్టు అనాథశాలలో పెరిగి, టాటెన్‌హామ్, నార్తాంప్టన్ జట్లకు ఆడి, సైన్యములో ఆఫీసరై 1918లో ఫ్రాన్సు యుద్ధరంగములో మరణించాడు. ఆయనను కూడా చాలాకాలము లోకము మరచింది. ఇంగ్లీషు మైదానాలలో నల్లజాతి ఆటగాళ్ళమీదికి అరటిపండ్లు విసిరి, కోతికూతలు కూసిన 1970, 80లలో, ఈ ఆట మాదే, మీరు కొత్తగా వచ్చినవారు అని చెప్పినవారికి, అంతకు నూరేండ్ల ముందే ఆర్థర్ వార్టన్ ఉన్నాడని తెలియదు. తెలిసినవారు చెప్పలేదు.

చివరకు షెఫీల్డులో ఫుట్‌బాలునుండి వర్ణద్వేషమును తొలగించాలని పనిచేసే ఒక సంఘమువారు పూనుకొని చందాలు పోగుచేశారు. 1997 మే నెలలో ఆ సమాధి మీద రాయి నిలిచింది. మరుసటి సంవత్సరము ఫిల్ వసిలి అనే చరిత్రకారుడు ఆయన జీవితమును పుస్తకముగా ప్రకటించాడు. మనకు ఈ వివరములు దొరుకుట ఆయన శ్రమవలననే. 2003లో ఇంగ్లీషు ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆర్థరు పేరు చేర్చారు. డార్లింగ్టన్‌లో కొందరు పౌరులు ఆయన పేర ఒక ఫౌండేషను స్థాపించి, విగ్రహము కోసము సంవత్సరాల తరబడి తిరిగారు.

ఆ విగ్రహము 2014 అక్టోబరు 16వ తేదీన బర్టన్ దగ్గర సెయింట్ జార్జెస్ పార్కులో ఆవిష్కరించబడింది. అది ఇంగ్లండు జాతీయ జట్టు శిక్షణ పొందే స్థలము. ఆయనను ఎన్నడు పిలువని జట్టు. పదహారు అడుగుల ఆ కంచు విగ్రహములో ఆయన నేలను విడిచి పైకి ఎగిరి, చెయ్యి చాచి, అడ్డుకర్ర మీదుగా బంతిని నెట్టివేస్తున్నాడు.